రేగాకు దూది

ప్రొద్దుటూరు దూదేకుల వీధిలో కోడికంటే ముందు విల్లు మేలుకునేది. జానీబీ తెల్లవారుజాము నమాజు చదువుకుని, చాప చుట్టి మూలన పెట్టి, కొంగు నడుముకు దోపుకుని విల్లు కింద కూర్చునేది. ఇంటి దూలానికి తాడుతో వేలాడే ఆ విల్లుకు గొర్రె పేగుతో చేసిన నారి. కొయ్య గూటంతో నారిని తట్టితే టుంయ్‌మని మోగేది. ఆ మోతకు కింద గడ్డలు కట్టి పడున్న పత్తి ఉలిక్కిపడి లేచి, పొరలు పొరలుగా విడిపోయి, పాలమీగడలాగా పరుచుకునేది. కోడలు మైమూన్ వాకిలి ఊడ్చి, నీళ్లు తెచ్చి, జొన్నసంగటికి ఎసరు పెట్టి వచ్చి రెండో విల్లు కింద చేరేది. మధ్యాహ్నానికల్లా ఇద్దరి కనురెప్పలూ, ముక్కుపుడకలూ, తలలూ తెల్లటి నూగు పట్టిపోయి, ఎవరు ముసలో ఎవరు పడుచో తెలిసేది కాదు.

ఏడాది పొడుగునా పత్తి పనే. చలి ముదిరిన పుష్యమాసంలో మాత్రం రేగాకు దూది వచ్చేది.

అడవి రేగుపొదల ఆకుల మీద చలికాలంలో తెల్లటి బూజు పడుతుంది. ఎక్కడైనా పడేదే. పిండి చల్లినట్టుంటుంది, వేలితో తుడిస్తే పోతుంది. జమ్మలమడుగు అవతల గండికోట కొండల్లో, పెన్న లోయ అంచునున్న పొదల మీద మాత్రం అది వేలెడు మందాన పొంగుతుంది. మైమూన్ మొగుడు వలి బాషా ఏటా అక్కడికి పోయి, మంచు ఆరకముందే ఈతాకు కుచ్చుతో ఆకులను నిమిరి, ఆ బూజును తడిగుడ్డ సంచిలోకి దింపుకుని తెచ్చేవాడు.

"అదేం బూజో గానీ, పట్టినాక ఆకు సావదు మే," అని పెండ్లానికి చెప్పేవాడు. "కొమ్మకాడ్నుంచి రాలనే రాలదు. గాలొచ్చినా, మేక పట్టి లాగినా అట్లే అంటుకోనుంటాది. కాయ మాత్రం పిందెలోనే రాల్తాది."

ఆ దూది కూరిన దిండు మీద తల పెట్టినవాళ్లు ఊరు విడిచి పోరు. ఈ సంగతి ప్రొద్దుటూరులో అందరికీ తెలుసు. దగ్గుకు మిరియాల కషాయం ఎట్లాగో, కాలు నిలవని మనిషికి రేగాకు దిండు అట్లాగ. జూదానికి ఊళ్లు పట్టి తిరిగే మొగుళ్లకూ, బైరాగుల్లో కలిసిపోతానని బెదిరించే మామలకూ, నిద్రలో నడిచే పిల్లలకూ కుట్టించుకుపోయేవాళ్లు. మందలోంచి తప్పిపోయే దూడకైతే చిటికెడు దూది కట్టుగుంజకు చుడితే చాలు.

దానికి ఒకటే కట్టుబాటు. రేగాకు దూది ఏకిన నారిని ఆ పూటే విప్పి మట్టిలో పూడ్చేసి, పత్తికి కొత్త నారి కట్టుకోవాలి. జానీబీ కాపురానికి వచ్చిన నాటినుంచి ఏనాడూ మరచిపోలేదు. ఆ ఏడు మరచిపోయింది మైమూన్.

ఆమె తప్పు కూడా కాదు. ఆ పొద్దు పులివెందుల నుంచి ఇక్బాల్ వచ్చాడు. మైమూన్ చెల్లెలు దిల్షాద్‌బీకి మొగుడు. గిన్నెలకు కళాయి పూసే పని అతనిది. తగరం కొనడానికి వచ్చి, మూట భుజం మీద నుంచి దించకుండానే చెప్పాడు.

"వదినా, నెల తిరిగేలోపల కాన్పు అంటాంది మంత్రసాని. మీ చెల్లెలిది ఒకటే మాట. అక్క రావల్ల, అక్క చెయ్యి పట్టుకుంటే తప్ప నేను కననంటాంది."

"కననంటే లోపలుండే బిడ్డ ఊరుకుంటాదా?" అని నవ్వింది జానీబీ.

"ఆ మాట నేనూ అంటి పెద్దమ్మా. గరిటె ఇసిరింది."

మైమూన్‌కు నవ్వు రాలేదు. దిల్షాద్ పుట్టిన పొద్దే వాళ్ల తల్లి కన్నుమూసింది. రక్తం ఆగలేదు. అప్పటికి మైమూన్ లంగా కట్టే పిల్ల. ఆ పసిగుడ్డును చంకనేసుకుని, ఇంటింటికీ పోయి పాలు అడిగి తాగించి పెంచింది. చెల్లెలికి కాన్పు అనేసరికి ఆమెకు కళ్ల ముందు మెదిలింది బిడ్డ కాదు, ఆనాటి మంచమూ, మంచం కింది తడీ.

"వస్తా," అంది. "నేను రాకుండా ఎట్లుంటా? వస్తానని చెప్పు."

ఇక్బాల్ తల ఊపాడు. ఆ ఊపడంలో నమ్మకం లేదు. మైమూన్‌కు అది కనిపించింది. ఎందుకంటే చెల్లెలి నిఖాకు కూడా ఆమె ఇట్లాగే వస్తానని పోలేదు. తన పెళ్లయిన తొలి నెలలో చెల్లెలి మీద బెంగతో మాటిమాటికీ పులివెందులకు పారిపోయిన మనిషి, ఆ తర్వాత ఒక్కసారి కూడా పెన్న దాటలేదు. ఎందుకు పోలేదో ఆమెకే తెలియదు. బయల్దేరేది. ఏదో ఒకటి అడ్డొచ్చేది. పిల్లాజెల్లా లేదు, కాళ్లకు బంధమేమీ లేదు. నా గుండె రాయి అయిపోయిందేమో అని నమాజులో దేవుడి ముందు ఏడ్చుకునేది.

ఇక్బాల్ పోయిన తర్వాత ఆమె విల్లు కింద కూర్చుంది. ఎదుట బాలకృష్ణయ్య శెట్టి ఇంటి పత్తి. మాఘంలో ఆయన కొడుక్కు పెళ్లి. పెళ్లికొడుకును తరలించుకుని జమ్మలమడుగు పోవాలని చుట్టాలంతా ముందే దిగుతున్నారు. వాళ్లకు దిండ్లు కావాలి. పొద్దున ఏకిన రేగాకు దూది నారి విల్లుకు అట్లాగే ఉంది. మైమూన్ దాని మీదే గూటం వేసింది. పొద్దుగూకేదాకా ఏకింది. చేతులు పత్తిలో, మనసు పులివెందులలో.

మరుసటి పొద్దు వలి బాషా ఆదోని వైపు ఏకుడు పనికి పోయాడు. చలికాలమంతా ఊళ్ల మీద తిరగడం అతని అలవాటు. మైమూన్ మూట కట్టుకుని బస్సు నిలిచే చోటికి పోయింది. ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు ఎక్కి కూర్చుంది కూడా. డ్రైవరు బస్సును కదిలించబోయేసరికి, పొయ్యిలో నిప్పు ఆర్పానా లేదా అని అనుమానం వచ్చింది. దిగి ఇంటికి వచ్చింది. నిప్పు ఆరిపోయే ఉంది. మరునాడు చెప్పు తెగింది. ఆ మరునాడు చెప్పు బాగానే ఉంది గానీ, ఎండ ఎక్కువుంది, రేపు చల్లగా పోవచ్చు అనిపించింది. ఇంకొకనాడు బస్సులో పక్కన కూర్చున్నామె తుమ్మింది.

ప్రతి పొద్దూ మూట కట్టడం, ప్రతి సందెకూ విప్పడం. విల్లు కింద కూర్చుంటే కాళ్లు వాటంతటవే అదిరేవి. నీళ్లబిందె నిండేదాకా బావి దగ్గర నిలబడలేకపోయేది. అన్నం ముందు కూర్చుని లేచేది, లేచి కూర్చునేది. జానీబీ చూసీ చూడనట్టు తల దించుకుని పత్తి ఏకుతుండేది.

మాఘంలో ముహూర్తం ముందరి పొద్దు బాలకృష్ణయ్య స్వయంగా వచ్చాడు. తలపాగా కొత్తది, గంధం బొట్టు తడి ఆరలేదు. గడప దగ్గర నిలబడి, కూరలో ఉప్పు కొంచెం ఎక్కువైందని చెప్పినంత మెల్లగా చెప్పాడు.

"జానీబీ, మా దిండ్లలో రేగాకు పడినట్టుంది."

జానీబీ గూటం ఆపింది. "ఎట్ల తెలిసె శెట్టీ?"

"పొద్దున్నుంచి పెండ్లికొడుకును బండెక్కిస్తాండాం, దించుతాండాం. మా బావ పొడుం డబ్బీ మరిచినానని లోపలికి పోయి ఇంతవరకూ రాల్యా. మా అక్క పందిట్లో ముగ్గు వంకరుందని సరిచేస్తాంది. కర్నూలు కోర్టులో వాయిదా ఉండే మా తమ్ముడు, వాయిదాకు నేను పోకపోతే ఏం, వాయిదానే మల్లా వస్తాది అంటాండాడు. నా సంగతి చెప్తా విను. ఇప్పుడు మీ ఇంటికి రావడానికే ఇంత కష్టమాయె. వీధి చివర దాటాలంటే నా వల్ల కాదు."

అత్తాకోడళ్లు దిండ్లు తెచ్చుకోవడానికి శెట్టి ఇంటికి పోయారు. పందిట్లో సన్నాయి వాళ్లు వాయించి వాయించి అలిసి గోడలకు ఆనుకున్నారు. చుట్టాలంతా జరీ పంచెలతో, పట్టుచీరలతో, చెప్పులు తొడుక్కుని, మూటలు పట్టుకుని, వాకిలి దాకా వచ్చి వెనక్కు తిరుగుతున్నారు. ఒకాయన గొడుగు తెచ్చుకోవడానికి. ఒకామె దీపం చూసి వస్తానని. పెళ్లికొడుకు బాసికం కట్టుకుని బండిలో ఒక కాలు పెట్టి, ఇంకొక కాలు కింద పెట్టి, "ఈ ఎద్దు నా వైపు అదో మాదిరిగా చూస్తాంది," అంటున్నాడు. ఎవరికీ కోపం లేదు, దిగులు లేదు. ఎవరి కారణం వాళ్లకు సబబుగానే ఉంది.

మైమూన్ స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. ఆ కారణాలన్నీ ఆమెకు తెలుసు. చెప్పు తెగడం, నిప్పు ఆర్పానా అని తలుచుకోవడం, ఎండెక్కువుందని ఆగడం. ఆ ఇంట్లో అందరి ముఖాల మీదా ఆమె తన ముఖమే చూసింది.

దిండ్లన్నీ తెచ్చి మిద్దె మీద ఎండకు పరిచారు. అప్పుడు మైమూన్ అడిగింది.

"అత్తా, నా దిండులో ఉండేది యా దూది?"

జానీబీ చేతిలో దిండు దులపడం ఆపలేదు. "ఇన్నాళ్లకు అడిగినావు," అంది.

మైమూన్ మిద్దె పిట్టగోడ మీద కూర్చుంది.

"పెండ్లయిన నెలలో నువ్వెన్నిసార్లు పారిపోయినావో నీకు మతికుందా?" అంది జానీబీ. "ఒకసారి పొయ్యి మీద సంగటి పెట్టి పోయినావు. మాడి ఇల్లంతా పొగ. నా కొడుకా, తిరుగుబోతు. వానికి పెడితే ఊళ్ల మీద ఏకుడు పని యాడుంటాది? నువ్వు గూడా పోతే ఈ ఇల్లు ఎవురితో నిలబెట్టల్ల నేను? నీకు చెరుపు చేయల్లని కాదు బిడ్డా."

"నా చెల్లెలి నిఖాకు పోల్యాకపోతి గదత్తా. నా గుండె రాయి అనుకుంటి. ఎన్ని రాత్రులు ఏడిస్తినో నీకు తెల్సు. నువ్వు నా పక్కనే పండుకోనుంటివి."

"తెల్సు."

జానీబీ దిండు కింద పెట్టి కోడలి పక్కన కూర్చుంది. జమ్మలమడుగు ఉన్న దిక్కుకు చూసింది. ఆమె పుట్టిల్లు అక్కడే.

"నాకు మా అత్త పెట్టింది. మా నాయన పోయినాడని కబురొస్తే నేను చెప్పులేసుకుని బయల్దేరితి. దోవలో ఒక కుక్క పండుకోనుంది. పాపం దాన్ని లేపడమెందుకని వెనక్కొస్తి. నడిచిపోతే పొద్దుగూకేలోపల చేరే ఊరది. మల్లా ఏనాడూ పోల్యా."

"ఇంత తెలిసి నాకెట్ల పెడ్తివి?"

జానీబీ పెదవులు కదిలాయి. తప్పయిందని దేవుడికి తోబా చెప్పుకుంటోందో, జవాబే వెతుక్కుంటోందో.

"ఎండలో పెడితే పోదా?" అంది మైమూన్.

"శెట్టోళ్ల దిండ్లకు పడింది నారికి అంటిన నూగు. రెండు మూడు ఎండలకు పోతాది. నీది నిండు దిండు, తల తీసినా నెలకు గానీ విడవదు. చైత్రం ఎండలు, వైశాఖం ఎండలు అన్నీ తాగల్ల అది."

అప్పటిదాకా దిల్షాద్ ఆగదు. ఎండను తొందరపెట్టే మందు ఎవరి దగ్గరా లేదు.

శెట్టి ఇంట్లో పెళ్లి ఆగలేదు. పెళ్లికొడుకు పోలేకపోతే పెళ్లికూతురే తరలివచ్చింది. జట్కా తోలే మహబూబ్ బాషా జమ్మలమడుగుకు కబురు మోశాడు, ఆడవాళ్లను మోశాడు, అరటిగెలలు మోశాడు. పెళ్లయిన సందెకు అతను జానీబీ వాకిట్లో జట్కా నిలిపి, దిగకుండానే కేక వేశాడు.

"మైమూనూ, రోంత మంచినీళ్లు తెచ్చీ తల్లీ."

మైమూన్ చెంబు తెచ్చింది. "దిగి కూర్చొని తాగు మామా."

"దిగితే గదా. నాకూ ఈ జట్కాకూ ముడి పడిపోయింది. వారమాయె. దిగి నాలుగడుగులు పోతానా, గుర్రానికి గడ్డి లేదేమోనని మల్లా వస్తా. ఉంటాది గడ్డి. హోటలాయన టీ ఈడికే తెచ్చిస్తాండాడు. నీకు ఈ గుర్రంతో నిఖా అయిందా అని ఎగతాళి చేస్తాండాడు."

నవ్వుతున్న మైమూన్ జట్కా లోపలికి తొంగిచూసింది. మహబూబ్ బాషాకు ఇల్లు లేదు. పడక జట్కాలోనే. శెట్టోళ్ల పత్తిలో మిగిలింది ముసలాయనకని కూరి, చిన్న దిండు ఆమే కుట్టి ఇచ్చింది.

"మామా, నువ్వు జమ్మలమడుగు పోయొచ్చినావు గదా?"

"నిన్న, ఈ పొద్దు కలిసి రెండుమాట్లు పోతి."

"నీ దిండు యాడుంది?"

"యాడుంటాది, ఈ పీట కిందనే."

ఆ దిండు మనిషిని ఊరికి కట్టేస్తుందని తాతల నాటి నుంచి అందరూ అనుకున్నారు. అది కట్టేసేది ఊరికి కాదు, తనకే. ఆకు ఎక్కడుంటే దాని మీది బూజు అక్కడ. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టకపోవడానికి కారణం వాళ్ల ఆచారమే. వాళ్ల ఇళ్లల్లో దిండు గడప దాటేది ఒక్కసారే, మనిషి పోతే మయ్యత్తు వెంబడి గోరీదాకా. ఊరికి పోయేవాళ్లు బట్టలమూట తలకింద పెట్టుకునేవాళ్లు గానీ, ఎంతటివాళ్లయినా దిండు చేత పట్టుకుని వీధిలో నడవరు.

"నేను దిండు తీసుకోని పోతానత్తా," అంది మైమూన్ ఇంట్లోకి వచ్చి.

జానీబీ చెవులు మూసుకుంది. "పురిటింటికి పీనుగ దిండు మోసకపోతావా? నోట్లోంచి ఎట్లొచ్చింది ఆ మాట?"

"మా అమ్మ పోయినప్పుడు దిండు గూడా లేదత్తా ఇంట్లో. ఉత్త మంచం మీద పోయింది. నేనీడ ఉండి, ఆడ నా చెల్లెలికి ఏమన్నా అయితే, ఆచారం నాకు జవాబు చెప్తాదా?"

అత్త విల్లు కింద కూర్చుని ఉత్త నారిని, కింద పత్తి లేకుండానే, ఒకసారి తట్టింది.

తెల్లవారి నమాజు తర్వాత జానీబీ ఆ దిండును ఒళ్లో పెట్టుకుని దువా చదివి ఊదింది. ఉరుసులో దర్గా నుంచి తెచ్చుకున్న పచ్చగుడ్డ పెట్టెలోంచి తీసి దానికి చుట్టింది. ఆమే ఎత్తి కోడలి తల మీద పెట్టింది.

"బిస్మిల్లా అని కుడికాలు ముందు పెట్టు," అంది. "వెనక్కు చూడొద్దు. చూస్తే నేనేడుస్తా."

మహబూబ్ బాషా జట్కా వీధి చివర నిలిచి ఉంది. అక్కడిదాకా నడవాలి. దిండును చూసి అరుగుల మీదివాళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన చెప్పులు విడిచాడు. మగ్గం గుంటలోంచి ఒక సాలెవాడు తల పైకెత్తి, "ఎవురమ్మా, మీ అత్తనా?" అన్నాడు.

"మా అత్త నిక్షేపంగా ఉంది. నేను చెల్లెలి కాన్పుకు పోతాండా," అని మైమూన్ నడుస్తూనే చెప్పింది.

బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఒళ్లో దిండు పెట్టుకుని, బస్సు పెన్న దాటుతున్నంతసేపూ ఆమె తన మనసును భయంభయంగా కనిపెట్టి చూసుకుంది. ఇప్పుడేం గుర్తొస్తుందో, ఏ పేరుతో దిగమంటుందోనని. ఏదీ రాలేదు. ఎర్రగుంట్ల పోయింది, ముద్దనూరు పోయింది. చెన్నంగి పొదలు, నల్లరేగడి చేలు, నాపరాళ్ల గోడలు వెనక్కు పరిగెత్తాయి. ఇంకా తొందరగా పోదా ఈ బస్సు అని మాత్రమే అనిపించింది. ముందు సీటును రెండు చేతులా పట్టుకుని తోసినట్టుగా కూర్చుంది.

పులివెందులలో ఆమె ఇంట్లో అడుగుపెట్టేసరికి దిల్షాద్‌కు నొప్పులు మొదలై ఒక పూట అయింది. చెమటతో వెంట్రుకలు నుదుటికి అంటుకుపోయాయి. అక్కను చూసి, "వచ్చినావా," అంది. అంతే. ఏళ్ల తరబడి దాచుకున్న నిష్ఠూరమంతా ఆ ఒక్క మాటలో అయిపోయింది.

మిట్టమధ్యాహ్నానికి ఆడబిడ్డ పుట్టింది. కెవ్వున ఏడ్చింది. మంత్రసాని మునెమ్మ బొడ్డు కోసి, బిడ్డను తుడిచి ఇక్బాల్ తల్లి చేతికిచ్చి, మళ్లీ మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. వంగి గుడ్డ అదిమి పట్టింది. మైమూన్ మంచం కిందికి చూసింది. చూడకముందే తెలుసు ఏం కనబడుతుందో.

"ఆగడం ల్యా," అంది మునెమ్మ మెల్లగా. "బండి కట్టమను మీ మరిదిని. డాకటరు దగ్గరికి మోసకపోదాం."

ఇక్బాల్ బండి కోసం పరిగెత్తాడు. దిల్షాద్ ముఖం తగరం పూసినట్టు తెల్లబడుతోంది. కళ్లు వాకిలి వైపు నిలిచాయి.

"అక్కా, ఎవురో నిలబడుకోనుండారు."

వాకిట్లో ఎండ తప్ప ఏమీ లేదు.

"నీ మాదిరే ఉంది అక్కా. నీకంటే చిన్నది. రమ్మంటాంది." దిల్షాద్ తల్లిని ఎరగదు. ఎరిగినది మైమూనే. అమ్మ పోయేనాటికి ఇప్పటి తనకంటే చిన్నదే. "పిలుస్తాంటే పోకుండా ఎట్లక్కా? పోతా."

మైమూన్ ఆలోచించలేదు. పచ్చగుడ్డలో ఉన్న దిండును లాగి, చెల్లెలి తల పైకెత్తి కింద పెట్టింది. రెండు చేతులతో ఆ తలను దిండులోకి అదిమి పట్టింది. నోటికి వచ్చిన ఖురాను సూరా చదువుతోంది. తప్పు చదువుతోందో ఒప్పు చదువుతోందో దేవుడికే తెలియాలి.

దిల్షాద్ వాకిలి వైపే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. కాసేపటికి నుదురు కొంచెం ముడిపడింది, ఏదో మరచిపోయింది గుర్తొచ్చినట్టు.

"ఇప్పుడెట్లొచ్చేదమ్మా," అంది వాకిలితో. "పొయ్యి మీద పాలు పెట్టినా. పొంగిపోతాయి."

మునెమ్మ తలెత్తి చూసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

"నువ్వు పోతాండు," అంది దిల్షాద్ మళ్లీ, బతిమాలినట్టు. "బట్టలు ఆరేసినా. అయి తీసి వస్తా. వానొచ్చేట్టుంది."

ఆకాశంలో మబ్బు తునక లేదు. మైమూన్ చేతులు సడలించలేదు. కన్నీళ్లు ముక్కు మీదుగా చెల్లెలి నుదుటి మీద పడుతున్నాయి.

"నడిచేది నడుస్తాండుమ్మా, నేను వెనకాలే వస్తా గదా," అని ఇంకొకసారి విసుగ్గా అని, దిల్షాద్ ముఖం వాకిలి నుంచి తిప్పేసుకుంది. కళ్లు మూసుకుని ఊపిరి గట్టిగా పీల్చింది. మునెమ్మ గుడ్డ మార్చింది. మళ్లీ మార్చింది. మూడోదాన్ని మార్చకుండా చేతిలో పట్టుకుని చూసి, పక్కన పెట్టింది.

"ఆగింది," అంది. "పాలు నిజంగానే పెట్టండి పొయ్యి మీద. ఈమెకు తాగించల్ల."

ఇక్బాల్ బండితో వచ్చేసరికి దిల్షాద్ నిద్రపోతోంది. బిడ్డ పక్కన గుక్కపెట్టి ఏడుస్తోంది. అతను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

నలభై దినాల పురుడు వెళ్లేదాకా ఆ దిండు దిల్షాద్ తలకిందే ఉంది. మైమూన్ బిడ్డ పక్కన నేల మీద, చేయి తలకింద పెట్టుకుని పడుకునేది. మొదట్లో నిద్ర పట్టలేదు. తర్వాత ఒక్కొక్క కాలూ మేలుకున్నట్టు ఆమెకు నడక వచ్చింది. నీళ్లకు దగ్గరి బావి విడిచి దూరపు బావికి పోయేది. సంతకు పోయి ఏమీ కొనకుండా చివరిదాకా తిరిగి వచ్చేది. ఒకనాడు తొండూరు దోవ పట్టి, ఎందుకని అడిగే మనిషి లేక, కనుచూపు మేర నడిచి కాళ్లు నొచ్చాక వెనక్కు తిరిగింది. ఇక్బాల్ తగరానికి పోయి వచ్చి ఒక మాట తెచ్చాడు.

"పెద్దమ్మ తన దిండు విప్పి మిద్దె మీద ఎండబోసింది వదినా. ఈ ఎండలు తాగినాక జమ్మలమడుగు పోతాదంట. తోడు నువ్వు రావల్లనింది. ఒక్కతే పోవాలంటే భయమంట."

పోయే పొద్దున మైమూన్ బిడ్డను ముద్దాడి చెల్లెలి చేతికిచ్చింది.

"ఆ దిండు నీ దగ్గరే పెట్టుకో. నీకు ఒంట్లో సత్తువ చేరి, లేచి యాడికన్నా పోవల్ల అనిపిస్తానే ఇక్బాల్‌కు చెప్పు. విప్పి కొండ మీది రేగుచెట్ల మీద దులిపి రమ్మను. ఆలస్యం చేయొద్దు."

"నేను యాడికి పోతాలే అక్కా."

"అది నువ్వు చెప్పేది కాదు, దిండు చెప్తాండేది. ఇక్బాల్‌కు గూడా చెప్పిపోతా ఉండు."

ఒంటి మూటతో ఆమె బస్సు నిలిచే చోటికి వచ్చింది. ఎండ మండుతోంది. ఇంజను అప్పుడే అదురుతోంది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, లేచి ముందు సీటుకు మారి, అక్కడ కుదురుగా ఉండలేక మళ్లీ కిటికీ దగ్గరికే వచ్చింది. కండక్టరు టికెట్ల కట్ట విదిలిస్తూ ఆమె దగ్గర ఆగాడు.

"యాడికి మ్మా?"

"నీ బస్సు యాడ యాడ నిలుస్తాదప్పా?"

కండక్టరు ఆమెను ఎగాదిగా చూశాడు. అయినా పద్యం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. "తొండూరు, మల్లేల, ముద్దనూరు, ఎర్రగుంట్ల, పెన్న దాటితే ప్రొద్దుటూరు. ఆడ గంటసేపు నిలిచి, మల్లా జమ్మలమడుగు."

మైమూన్ కిటికీ చువ్వ పట్టుకుని, కళ్లు మూసుకుని విన్నది.

"ఇంగొకసారి చెప్పప్పా," అంది.